పెట్టెలో పట్టే యుద్ధం

మీకు ఒక పని అప్పగించారనుకోండి. ఒక యుద్ధాన్ని అట్టపెట్టెలో సర్దాలి. పెట్టెను తెరిచేది పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు. వాళ్ళకు ఆ యుద్ధం గురించి ముందుగా ఏమీ తెలియదు. పక్కన కూర్చుని చెప్పేవారూ లేరు. అరగంటలో నియమాలు అర్థం కావాలి, మరో గంటలో ఆట ముగియాలి. ఆ పెట్టెలో ఏమేమి ఉంచుతారు? ఏమేమి తీసేస్తారు?

బల్ల మీద చిన్న చిన్న బొమ్మ సైనికులను నిలబెట్టి, స్కేలుతో దూరం కొలిచి కదిపి, పాచికలు వేసి ఫలితం తేల్చే ఆటలున్నాయి. వీటిని బొమ్మల యుద్ధక్రీడలు అనవచ్చు. కొత్తగా నేర్చుకునేవారి కోసం వీటిలో తయారుచేసే పెట్టెను స్టార్టర్ సెట్ అంటారు. రెండు చిన్న సైన్యాలు, కొన్ని పాచికలు, ఒక స్కేలు, పలుచని నియమాల పుస్తకం అందులో ఉంటాయి. చూడటానికి ఆటవస్తువే. కాని దాని వెనుక గణితం ఉంది, లోహాలను పోతపోసే విద్య ఉంది, రెండు శతాబ్దాలకు మించిన చరిత్ర ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, దేనిని వదిలేయాలి అన్న నిర్ణయం ఉంది. ఆ నిర్ణయాన్ని ఎవరెవరు ఎలా తీసుకున్నారో ఈ వ్యాసంలో చూద్దాం. ఉదాహరణకు మన నేల మీద జరిగిన ఒక యుద్ధాన్నే తీసుకుని పెట్టెలో సర్దే ప్రయత్నం చేద్దాం.

చందుర్తి చేలో ఏం జరిగింది?

1758లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతుల్లో ఉన్నాయి. వారి సమర్థుడైన సేనాని బుస్సీని పైఅధికారి లాలీ దక్షిణానికి పిలిపించుకోగా, ఆయన స్థానంలో కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. అదను చూసి విజయనగరం పాలకుడు ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిపై తిరగబడి, ఆంగ్లేయుల సాయం కోరాడు. బెంగాలు నుండి క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ను సైన్యంతో పంపించాడు. ఆ ఏడాది డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి దగ్గర ఇరుపక్షాలూ ఎదురుపడ్డాయి. ఆంగ్లేయుల పుస్తకాలలో దీనిని కొండోర్ యుద్ధం అని రాశారు.

ఇరువైపులా యూరోపియన్ సైనికులు సుమారు 500 మంది చొప్పున ఉన్నారు. సిపాయిలు ఫోర్డ్ వద్ద సుమారు రెండు వేలు, ఫ్రెంచివారి వద్ద దాదాపు ఆరు వేలు. ఫోర్డ్‌తో విజయనగరం సేన కూడా ఉంది. ఫోర్డ్ తన యూరోపియన్ దళాన్ని మధ్యలో, సిపాయిలను రెండు పక్కలా నిలిపాడు. మధ్య దళం ముందు మనిషిని దాచేంత ఎత్తుగా చేను పెరిగి ఉంది. పక్కనున్న సిపాయిలు ఎర్ర దుస్తుల్లో ఉన్నారు. ఫ్రెంచివారు వారినే ఆంగ్లేయుల దళంగా పొరబడి బలమంతా అటు మళ్ళించారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. ఫ్రెంచి దళం వరుసలు చెదిరి తరుముకుంటూ వచ్చింది. అప్పుడు చేను వెనుక నుండి అసలు ఆంగ్లేయ దళం బయటికి వచ్చి పక్కనుండి కాల్పులు జరిపింది. యుద్ధం అక్కడే తిరగబడింది. నాలుగు నెలల తరువాత, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఫోర్డ్ వశమైంది. సర్కారు జిల్లాలలో ఫ్రెంచివారి పెత్తనం ముగిసింది.

ఎత్తైన చేను, దుస్తుల రంగు, ఒక పొరపాటు: ఈ మూడూ మన పెట్టెలో పట్టాలి. పెట్టెను తెరిచే ఇద్దరు పిల్లలను కూడా ఊహించుకుందాం. ఒకరిది చందుర్తి పక్క ఊరే. పైరు ఎంత ఎత్తు పెరుగుతుందో ఆ పిల్లకు చెప్పనక్కరలేదు. రెండో పిల్లవాడు ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్ నగరపు భన్‌పురి పారిశ్రామిక ప్రాంతంలో పెరుగుతున్న తెలుగువాడు. అతడికి ఆ చేను తెలియదు, ఆ పేర్లు కొత్త. మన పెట్టె మంచిదా కాదా అన్నది ఈ రెండో పిల్లవాడి దగ్గరే తేలుతుంది.

చదరంగం ఏం వదిలేసింది?

సైన్యాన్ని బల్లమీదికి తెచ్చే పని మన దేశంలోనే మొదలైంది. చతురంగం అంటే రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాలు. ఏడో శతాబ్దంలో బాణుడు రాసిన హర్షచరిత్రలో ఈ ఆట ప్రస్తావన ఉంది. దాని నుండే నేటి చదరంగం పుట్టింది. యుద్ధంలోని మూడు విషయాలను ఈ ఆట నిర్మొహమాటంగా వదిలేసింది. నేల తీరు లేదు: ప్రతి గడీ ఒకటే. అదృష్టం లేదు: ఏనుగు బంటు మీదికి వెళితే బంటు పోవలసిందే. రహస్యం లేదు: ఎదుటివాడి బలగమంతా మీ కళ్ళముందే ఉంటుంది. ఇంత వదిలేసింది కనుకనే నియమాలు ఒక కాగితంలో ఇమిడాయి.

కొత్తవారికి ఆట నేర్పే విషయంలో మన పులిజూదం ఇంకా తెలివైనది. సాధారణంగా మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. ఆట మొదట్లో పలక దాదాపు ఖాళీ. మేకలను ఒక్కొక్కటిగా పెట్టాలి. అన్నీ పెట్టేవరకు వాటిని కదపడం ఉండదు. దీనివల్ల కొత్త ఆటగాడు ఒక్కో ఎత్తులో ఒక్క నిర్ణయమే తీసుకుంటాడు. ఆట ముదిరేకొద్దీ చిక్కులు పెరుగుతాయి, ఆ వేళకు వాటికి సిద్ధపడి ఉంటాడు. పాఠాన్ని ఆటలోనే విడతలుగా అమర్చడం అన్న సూత్రం ఇది. నేటి స్టార్టర్ సెట్లలో మొదటి ఆటకు నాలుగు బొమ్మలు, రెండో ఆటకు ఎనిమిది అంటూ పాఠాలు పెట్టేది ఈ సూత్రం మీదే. పైగా ఇరుపక్షాలు సమానం కానవసరం లేదని కూడా పులిజూదం చూపుతుంది. మన చందుర్తికి ఇది పనికొస్తుంది.

గళ్ళ నుండి పటానికి

ఐరోపాలో చదరంగం వదిలేసినవాటిని తిరిగి చేర్చాలని చూసినవారిలో జర్మనీలోని బ్రున్స్‌విక్ నగరపు గణిత బోధకుడు హెల్విగ్ ఒకరు. 1780లో ఆయన ప్రచురించిన ఆటలో 1,600కు పైగా గళ్ళున్నాయి. కొండ, నీరు, చిత్తడి, మైదానం అన్నవి గళ్ళ రంగులలో తెలుస్తాయి. తన విద్యార్థులకు చదరంగం వచ్చు కనుక దాని కదలికల నుండే నేర్పడం మొదలుపెట్టాడు. తెలిసినదాని నుండి తెలియనిదానికి నడపడం మంచి ఉపాధ్యాయుడి పద్ధతే. అయితే నిజమైన నేల గళ్ళుగా ఉండదు. నది గడి అంచున తిరగదు.

గళ్ళను తీసేసినవాడు ప్రష్యా దేశపు రైస్‌విట్స్. 1812లో ఆయన రాజు మూడవ ఫ్రెడరిక్ విలియంకు ఒక పెద్ద బల్లను సమర్పించాడు. కొండలు, నదులు, ఊళ్ళు మలచిన పలకలను దాని మీద కావలసినట్లు అమర్చుకోవచ్చు. రాజకుటుంబం ముచ్చటపడింది. కాని అలాంటి బల్ల రాజభవనంలో తప్ప ఎక్కడ పడుతుంది? ఈ చిక్కును విప్పింది ఆయన కుమారుడు. సైనికాధికారి అయిన చిన్న రైస్‌విట్స్ 1824లో బల్ల స్థానంలో కాగితపు పటాన్ని పెట్టాడు. పటం కొలత 1:8000. ఎరుపు, నీలం రంగుల చిన్న లోహపు దిమ్మెలు దళాలు. ఒక్కో విడత యుద్ధంలో రెండు నిమిషాలకు సమానం. కాల్పుల ఫలితాన్ని పాచికలు చెబుతాయి. అన్నిటికీ మించి, ఇద్దరు ఆటగాళ్ళ మధ్య ఒక అంపైరు ఉంటాడు. ఆటగాళ్ళు ఆజ్ఞలు రాసిస్తారు. శత్రువుకు కనబడగల దళాలను మాత్రమే అంపైరు పటం మీద పెడతాడు.

మొదట అంతగా ఆసక్తి చూపని సేనాధిపతి మ్యూఫ్లింగ్, ఆట సాగేకొద్దీ ఇది ఆట కాదు, యుద్ధ శిక్షణ అని మెచ్చుకున్నాడు. సైన్యం దాన్ని స్వీకరించింది. చదరంగం వదిలేసిన మూడూ, అంటే నేల, అదృష్టం, రహస్యం, తిరిగి వచ్చాయి. దానికి మూల్యం కూడా ఉంది: లావుపాటి నియమావళి, పట్టికలు, వాటన్నిటినీ ఎరిగిన అంపైరు. కొత్తవాడికి ఇది కొండంత బరువు. ఈ బరువు తగ్గించడానికి 1876లో వెర్డీ అనే సైనికాధికారి, పట్టికలు పక్కనబెట్టి అనుభవజ్ఞుడైన అంపైరు తీర్పునే నమ్ముకోమన్నాడు. సైనిక పాఠశాలకు అది సరిపోతుంది. భన్‌పురిలో పెట్టె తెరిచిన పిల్లవాడికి అనుభవజ్ఞుడైన అంపైరును ఎక్కడి నుండి తెస్తాం?

పోత పోసిన సైనికులు

ఆట ఇంటింటికీ చేరాలంటే బొమ్మలు చవక కావాలి. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ బొమ్మల సంస్థ ఒక ఉపాయం కనిపెట్టింది. కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోస్తే, చల్లని అచ్చు గోడకు తగిలిన పొర ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం ఇంకా ద్రవంగా ఉండగానే అచ్చును తిరగేసి కార్చేస్తే బోలు బొమ్మ మిగులుతుంది. లోహం తక్కువ, బరువు తక్కువ, ధర తక్కువ.

ఆ బొమ్మలతో ఆడినవారిలో రచయిత హెచ్.జి. వెల్స్ ఒకరు. 1913లో ఆయన ప్రచురించిన లిటిల్ వార్స్ పుస్తకం కొత్తవారి కోసం రాసిన తొలి నియమావళులలో ముఖ్యమైనది. వెల్స్ పట్టికలన్నీ తీసేశాడు. స్ప్రింగుతో చిన్న కర్రముక్కను విసిరే బొమ్మ ఫిరంగి ఉండేది. గురిచూసి కొట్టాలి, పడిన బొమ్మ చచ్చినట్టే. లెక్కలు లేవు, అంపైరు లేడు. ఇంటి నేలే యుద్ధభూమి, పుస్తకాలే కొండలు. ఎవరైనా పావుగంటలో నేర్చుకోవచ్చు. అయితే అందులో రహస్యానికి పెద్దగా తావు లేదు.

1959 నుండి ఎయిర్‌ఫిక్స్ సంస్థ అంగుళం లోపు ప్లాస్టిక్ సైనికులను పెట్టెలలో అమ్మింది. 1983లో వచ్చిన వార్‌హామర్ అనే కాల్పనిక యుద్ధక్రీడ, 1990ల తొలినాళ్ళలో రెండు ప్లాస్టిక్ సైన్యాలను ఒకే పెట్టెలో పెట్టి అమ్మడంతో నేటి స్టార్టర్ సెట్ రూపం స్థిరపడింది. ఇక్కడ అర్థశాస్త్రం కూడా ఉంది. ప్లాస్టిక్ బొమ్మకు ఉక్కు అచ్చు కావాలి. అచ్చుకు ఖర్చు చాలా ఎక్కువ, ఆ తరువాత తీసే ఒక్కో బొమ్మకు ఖర్చు చాలా తక్కువ. అందుకే ఎక్కువ మంది కొనే తొలి పెట్టెకే ఉక్కు అచ్చు గిట్టుబాటవుతుంది. దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి బస్తర్ ఢోక్రా పోత. మట్టి ముద్దమీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి, మైనం కరిగిపోయిన చోట లోహం పోస్తారు. బొమ్మను బయటికి తీయాలంటే అచ్చు పగలగొట్టాలి. ఒక అచ్చుకు ఒకే బొమ్మ.

మన పెట్టెకు రెండూ అక్కరలేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క రంగులు అద్దే పద్ధతి చక్కగా సరిపోతుంది. ఒకే ఆకారాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పవచ్చు. తల, టోపీ, రంగు ఉంటే చాలు, సిపాయి అని తెలుస్తుంది. ఇంట్లో చేసుకునేవారికి బంకమన్ను చాలు. సీసం మాత్రం వద్దు. అది విషం, దాన్ని పిల్లలు కరిగించడం మరీ ప్రమాదం.

కొలతల చిక్కు

ఇప్పుడు లెక్కకు వద్దాం. బొమ్మ ఎత్తు 28 మిల్లీమీటర్లు, మనిషి ఎత్తు 168 సెంటీమీటర్లు అనుకుంటే కొలత 1:60. మస్కెట్ తుపాకి గుంపు మీద పనిచేసే దూరం 90 మీటర్లు అనుకుంటే, బల్ల మీద అది ఒకటిన్నర మీటరు అవుతుంది. బల్లే అంత ఉండదు! రెండు కిలోమీటర్ల యుద్ధభూమికి 33 మీటర్ల బల్ల కావాలి. కనుక బొమ్మకు ఒక కొలత, నేలకు వేరొక కొలత వాడక తప్పదు. బొమ్మల యుద్ధక్రీడలన్నీ ఈ అబద్ధాన్ని ఒప్పుకునే ముందుకు సాగుతాయి.

సంఖ్యల చిక్కు కూడా ఉంది. ఒక బొమ్మ వంద మందికి గుర్తు అనుకుంటే ఫ్రెంచి వైపు 5 యూరోపియన్ బొమ్మలు, 60 సిపాయి బొమ్మలు కావాలి. కొత్తవాడికి అది చాలా ఎక్కువ. ఒక బొమ్మ 250 మందికి అంటే సిపాయిలు 24కు దిగుతారు. కాని యుద్ధాన్ని తిప్పిన ఆంగ్లేయ దళం రెండే బొమ్మలవుతుంది. దీనికి ఒకటే దారి. చందుర్తి యుద్ధం మొత్తాన్ని పెట్టెలో పెట్టే ఆశ వదులుకోవాలి. పొరపాటు జరిగిన ఆ ఒక్క చేను, దాని పక్కనున్న దళాలు, ఇవే మన ఆట. ఎర్ర వైపు ఆరేసి బొమ్మల దళాలు రెండు, ఫ్రెంచి వైపు ఆరేసివి మూడు. మొత్తం 30 బొమ్మలు.

పాచికల లెక్క

బొమ్మలు తగ్గితే అదృష్టం పెరుగుతుంది. ఎలాగో చూడండి. పాచిక మీద 4, 5, 6 పడితే గుండు తగిలినట్లు అనుకుందాం. ఆరుగురు కాలిస్తే సగటున ముగ్గురికి తగులుతుంది. కాని ఒకటీ తగలకపోవడం, లేదా ఒక్కటే తగలడం 64 సార్లలో 7 సార్లు జరుగుతుంది. అంటే నూటికి 11. అదే 24 మంది కాలిస్తే, ఆరింట ఒకవంతు లేదా అంతకన్నా తక్కువ తగలడం వెయ్యికి ఒక్కసారి కూడా జరగదు. పెద్ద సైన్యంలో అదృష్టపు ఒడుదుడుకులు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయి. చిన్న సైన్యంలో అవే ఆటను నడిపిస్తాయి.

కొత్తవాడు బాగా ఆలోచించి ఆడినా పాచిక వల్ల ఓడితే ఆట మీద నమ్మకం పోతుంది. అదృష్టాన్ని పూర్తిగా తీసేస్తే చదరంగానికి తిరిగి వెళతాం. మధ్యేమార్గం ఒకటుంది. ఎదురుగా కాలిస్తే ఒక్కో బొమ్మకు ఒక పాచిక, శత్రువు పక్కనుండి కాలిస్తే రెండు పాచికలు ఇవ్వండి. అప్పుడు ఆరుగురికి 12 పాచికలు వస్తాయి. సగటు ఆరుకు పెరుగుతుంది, ఒడుదుడుకుల నిష్పత్తి తగ్గుతుంది. మంచి చోటు సంపాదించినవాడికి అదృష్టం మీద ఆధారపడే అవసరం తగ్గిందన్నమాట. చందుర్తిలో ఫోర్డ్‌కు దక్కింది సరిగ్గా అదే.

కనబడనిదాన్ని చూపేదెలా?

అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. బల్ల మీద బొమ్మలన్నీ ఇద్దరికీ కనిపిస్తాయి. ఇక ఫ్రెంచి ఆటగాడు పొరబడేదెలా?

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ప్రశ్నకు ఒక మంచి జవాబు దొరికింది. 1942లో బ్రిటిష్ నౌకాదళం లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ నాయకత్వాన ఒక శిక్షణ కేంద్రం నెలకొల్పింది. జర్మన్ జలాంతర్గాములను ఎదుర్కొనే పద్ధతులను అక్కడ గది నేల మీద ఆడి చూసేవారు. ఓడల కదలికలను సుద్దతో గీసేవారు. అధికారులు గుడ్డ తెరల వెనుక నిలబడి, చిన్న కంతల గుండా చూసేవారు. నిజమైన ఓడ నుండి ఎంత కనిపిస్తుందో అంతే కనిపించేది. ఆట నడిపినవారిలో ఎక్కువమంది నౌకాదళ మహిళా విభాగపు యువతులు. సముద్రంలో పోరాడిన అనుభవం లేకున్నా, వారు ఆ నేల మీదే కొత్త ఎత్తుగడలను రూపొందించి, అనుభవజ్ఞులైన అధికారులకు నేర్పారు. కొత్తవారు ఆట ద్వారా ఎంత దూరం వెళ్ళగలరో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

మన పెట్టెలో గుడ్డ తెర పట్టదు. అంపైరు లేడు. ఇంకో ఉపాయం ఉంది. 1909లో ఫ్రాన్స్‌లో హెర్మాన్స్ ఎదాన్ అనే మహిళ పేటెంటు పొందిన లాటాక్ ఆటలో, కాయ మీది గుర్తు దాని యజమానికే కనిపించేది. మనమూ అదే చేద్దాం. ఎర్ర బొమ్మలన్నీ ఒకేలా ఉండాలి. సిపాయి దళమా, యూరోపియన్ దళమా అన్నది బొమ్మల అడుగున అంటించిన చీటీ చెబుతుంది. ఎదుటి దళం చేరువైనప్పుడే దాన్ని తిప్పి చూపాలి. పచ్చని గుడ్డముక్క చేను. చేనులోకి వెళ్ళిన దళాన్ని బల్ల మీది నుండి తీసేసి, ఎక్కడుందో కాగితం మీద రాసుకోవాలి.

కాని ఫ్రెంచి ఆటగాడు కథ ముందే చదివి ఉంటే? చేనులో ఎవరున్నారో అతడికి తెలిసిపోతుంది. అందుకని ఆట మొదలయ్యే ముందు చేనులో ఎవరిని దాచాలో, అసలు దాచాలో లేదో ఎర్ర ఆటగాడే రహస్యంగా నిర్ణయించుకోవాలి. ఇప్పుడు ఫ్రెంచి ఆటగాడి ముందు కాన్‌ఫ్లాన్స్ ముందున్న సందేహమే ఉంటుంది. భన్‌పురి పిల్లవాడు చందుర్తి చేను చూడకపోయినా, ఎర్రరంగు కనబడగానే తొందరపడి బలగమంతా అటు తోలితే ఏమవుతుందో తన చేతులతో తెలుసుకుంటాడు. చరిత్రలో జరిగింది తప్పనిసరిగా జరగవలసింది కాదనీ తెలుసుకుంటాడు.

పెట్టెలో ఆఖరి కాగితం

పెట్టె మూసే ముందు ఒక కాగితం మిగిలింది. ఈ ఆటలో ఏమేమి లేవో దాని మీద రాయాలి. విజయనగరం సేన లేదు. ఫిరంగులను లాగిన ఎడ్లు లేవు. వెనక్కి తగ్గిన సిపాయిలలో ఎందరు ఇళ్ళకు చేరలేదో లేదు. ఆ చేను ఎవరిదో, కోతకు వచ్చిన పంట ఆ రోజు ఏమైందో లేదు. బల్ల మీద పడిన బొమ్మను ఆట అయ్యాక తీసి మళ్ళీ నిలబెడతాం.

వెల్స్‌కు ఈ తేడా బాగా తెలుసు. బొమ్మలతో మూడు నాలుగుసార్లు ఆడితే చాలు, నిజమైన యుద్ధం ఎంత తెలివితక్కువ పనో అర్థమవుతుందని ఆయన వాదించాడు. ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆట యుద్ధాన్ని ఆపలేదు. ఆటకు అంత శక్తి లేదు. దేనిని వదిలేశామో చెప్పకపోతే మాత్రం, యుద్ధమంటే ఇంతే కాబోలు అని పెట్టె తెరిచినవాడు నమ్మే ప్రమాదం ఉంది.

మీ ఊరి దగ్గర జరిగిన ఏదైనా ఒక యుద్ధాన్ని, కోట ముట్టడిని తీసుకుని ఇలాంటి పెట్టె తయారుచేసి చూడండి. ముందు ఆ ఆఖరి కాగితంతోనే మొదలుపెట్టండి. ఏం వదిలేయాలో తేలితే, ఏం ఉంచాలో దానంతట అదే తేలుతుంది. తరువాత ఆ యుద్ధం పేరు కూడా వినని ఒక స్నేహితుడికి పెట్టె ఇచ్చి, పక్కన కూర్చోండి. అతడు ఎక్కడ ఆగి మీ ముఖం వైపు చూస్తాడో అక్కడ మీ నియమం సరిగా లేదన్నమాట. దాన్ని దిద్దుకుని మళ్ళీ ఇవ్వండి.